కుడికి తిరిగిన నాబ్

అమెరికాలోని మెంఫిస్‌లో నా స్నేహితుడు వెర్లన్ హాచ్ ఒక్క నాబ్ తిప్పి డెబ్బై ఆరేళ్ల ముసలమ్మను ఇరవై ఆరేళ్ల పెళ్లికూతుర్ని చేశాడు. చిన్నప్పుడు అబద్ధాలాడితే నన్ను మోకాళ్ల మీద నిలబెట్టిన కాన్వెంటు అమ్మగార్లు పైనుంచి వింటూ ఉంటారు గనుక కాస్త తగ్గిస్తాను: లోకానికి కాదు, ఆవిడ మొగుడికి మాత్రమే. ఆర్గన్ ముందు కూర్చుని నేను కళ్లారా చూశాను.

ఆవిడ పేరు మిస్ ఓరెల్లా; పెళ్లయినా అక్కడ పెద్దావిడల్ని మర్యాదకి 'మిస్' అనే పిలుస్తారు. ఆవిడకు సోమవారం గొంతు ఆపరేషన్. ఆ తర్వాత పాట ఉండదని డాక్టరు చెప్పేశాడు. అందుకే శనివారం పొద్దున్నే పౌండ్ కేకు గుడ్డలో చుట్టుకుని, మొగుడు క్లీటస్‌ను వెంటబెట్టుకుని వెర్లన్ రికార్డింగు స్టూడియోకి వచ్చింది. చర్చిలో నలభై ఏళ్లు పాడిన పాటను రికార్డు చేయించుకోవాలి.

"ఏరా అబ్బాయ్, నా ఆయాసం మాత్రం వినపడకూడదు. జనం పాట విని ఏడవాలిగానీ నన్ను చూసి జాలిపడకూడదు," అంది. ఆ అబ్బాయికి అరవై రెండు.

"మీరు పాడండి మిస్ ఓరెల్లా, మిగతాది నాకొదిలేయండి," అన్నాడు వెర్లన్.

అతని దగ్గరో పాత కంప్రెసర్ ఉంది. గొంతు లేచినప్పుడు అణిచి, తగ్గాక వదిలే ఇనప్పెట్టె. ఎంత త్వరగా పట్టాలో ఒక నాబ్, ఎంత త్వరగా వదలాలో ఇంకొకటి. పట్టు తొందరైతే మాట మొదట్లోనే నలుగుతుంది. వదలడం తొందరైతే పాట పంక్తుల మధ్య తీసే ఊపిరి పైకి తేలుతుంది. అయితే దీనిది వంకర బుద్ధి. మిగతా పెట్టెల్లో కుడికి తిప్పితే నెమ్మది, దీంట్లో కుడికి తిప్పితే వేగం. కొత్తవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. వెర్లన్ కొత్తవాడు కాదు, ముప్పై అయిదేళ్లుగా దాన్ని తిప్పుతున్నవాడు.

నేను ఆర్గన్ వాయించాను, ఆవిడ పాడింది. వెర్లన్ టేపు వెనక్కి తిప్పి, వదిలే నాబ్‌ను కుడికి చివరిదాకా తిప్పి వినిపించాడు. ప్రతి ఊపిరీ చెవి పక్కనే తీసినట్టు వినిపించింది.

"ఇదేంట్రా! పాట పాడితే కొలిమితిత్తి ఊదినట్టుంది!"

"పొరపాటైంది, ఇప్పుడే ఎడమకి తిప్పేస్తా," అని చెయ్యి చాచాడు. తిప్పకుండా క్లీటస్ వైపు చూశాడు.

క్లీటస్ టోపీ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "తిప్పకు. పాట చర్చి మొత్తం విన్నదే. ఈ ఊపిరి యాభై ఏళ్లుగా పక్క దిండు మీంచి నేనొక్కణ్ణే విన్నా. పెళ్లినాడు 'సరే' అనేముందు కూడా ఇట్లాగే తీసింది."

"అది నీ సూటు చూసి నిట్టూర్చా," అంది మిస్ ఓరెల్లా. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుంటూ, "రెండు చెయ్యరా అబ్బాయ్. ఎడమకి తిప్పింది చర్చికి. ఇది ఈ పిచ్చాయనకి," అంది.

ఇదంతా రాసి వెర్లన్‌కు చదివి వినిపిస్తే ఇంతెత్తున లేచాడు.

"ఆ నాబ్ నేను తప్పు తిప్పానా? జన్మలో లేదు. కావాలని తిప్పానా? అదీ లేదు. మిస్ ఓరెల్లా ఎవరో నాకు తెలీదు. కేకూ లేదు, క్లీటసూ లేడు. అసలు నీకు ఆర్గనే వాయించడం రాదు, పో!"