గీత పైన కొసరు

మైపాడు పక్కన మా పాళెంలో కామమ్మ చేపలమ్మినన్నాళ్ళూ కొసరు వెయ్యకుండా గంప ఎత్తలేదు. కాటా ముల్లు నిలబడ్డాక కూడా కొనేవాళ్ళ గిన్నెలో ఇంకో రెండు కవళ్ళ చేపలు పడాల్సిందే. "నేను కొసరెయ్యకుంటే గంగమ్మ తల్లి నాకేస్తదా?" అనేది. ఇప్పుడు చేపలు కొన్నప్పుడల్లా ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఆమె మనవరాలు ధనలక్ష్మికి రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చింది. తల్లి రొయ్యల కంపెనీలో పనికి పోయి ఉంది. నర్సు ఏంజెలిన్ సిస్టర్ వచ్చి, బరువు చూడందే మందు చెప్పనంది. ఆమె కాటా మరమ్మతులో ఉంది. కామమ్మ తన స్ప్రింగుకాటాకు గంప తగిలించి, పిల్లను అందులో కూర్చోబెట్టింది.

"పదకొండున్నర," అంది సిస్టర్.

"గంప కిలోన్నర, అది తీసెయ్యి సిస్టరమ్మా. పిల్లనెవురికీ అమ్మడంలా, సరిగ్గా చూడు!"

సిస్టర్ నవ్వుతూనే లెక్క కట్టింది. పది కిలోల పిల్ల, కిలోకు పదిహేను మిల్లీగ్రాములు, మొత్తం నూట యాభై. సీసాలో అయిదు మిల్లీలీటర్లకు రెండు వందల యాభై. అంటే మూడు మిల్లీలీటర్లు. మూతలో గీత చూపించి, ఆరు గంటలకొకసారి పొయ్యమని వెళ్ళింది.

మర్నాడు సీసాలో మందు లెక్కకు మించి తగ్గడం చూసి సిస్టర్ ముఖం మారిపోయింది.

"ఏందక్కా, ఎంత పోస్తున్నావు?"

"నువ్వు చెప్పినంతే. గీత దాకా పోసి, ఆపైన రవ్వంత కొసరు. బిడ్డకు కొలిచి పోస్తే నా చెయ్యి ఒప్పుకుంటదా?"

"ఇట్టే పోస్తే కాలేయం చెడిపోతుందక్కా. ప్రాణం మీదికొస్తుంది."

కామమ్మ తన చెయ్యి చూసుకుంది. "నా చేత్తోనే పోసినానే తల్లీ!"

సిస్టర్ డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, ఆ రోజుకు మందు ఆపించింది. సాయంత్రం దాకా పిల్లను ఒళ్ళోంచి దించలేదు. వెళ్ళేముందు అంది: "మందుకు కొసరుండదక్కా. నీ చెయ్యి ఊరుకోకపోతే, మందు తాగించినాక అదే మూతతో మంచినీళ్ళు పొయ్యి."

దేవుడి దయవల్ల పిల్ల కోలుకుంది. కామమ్మ సిస్టర్ ఇంటికి వంజరం చేప పట్టుకుపోయింది. ఎంతని అడిగితే, "దీనికి తూకం లేదు, అంతా కొసరే," అందట.

సిస్టర్ నాయుడుపేటకు మారిపోయి చాలా కాలమైంది. మొన్న కామమ్మను చూడబోయాను. చూపు మందగించింది. పెద్దపిల్లైన ధనలక్ష్మి ఆమెకు దగ్గుమందు గీత దాకా పోసి తాగించింది. ముసలమ్మ తెరిచిన నోరు తెరిచే ఉంచింది.

"కొసరేదే?"

"ఆగవ్వా, పోస్తున్నా," అంటూ ఆ పిల్ల అదే మూతలో చెంబులోని నీళ్ళు వంచింది.