ఒకే పేరుతో రెండు బండ్లు

మా మేడమ్ పోయారు. ఆదివారం పొద్దున చర్చికి తయారై కుర్చీలో కూర్చున్నారట, మళ్లీ లేవలేదట. ఆ మాట వాళ్ల చెల్లెలు ఫోన్‌లో చెప్పినప్పుడు నేను నాంపల్లి మెట్రో మెట్లు దిగుతున్నాను. అక్కడే మెట్ల మీద నిలబడిపోయాను. దారికి అడ్డంగా ఉన్నానని ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా. ఆమె గురించి నాలుగు మాటలు రాస్తే తప్ప నాకు మనసు కుదుటపడేలా లేదు.

గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు పైన మాది చిన్న కంపెనీ. బస్సుల్లో, వ్యాన్లలో బిగించే రేడియో డబ్బాలు తయారుచేస్తాం. ఆ డబ్బా ఉన్న బండి ఆగకుండా గాలిలో ఒకే సంగతి చెబుతూ ఉంటుంది: నేను ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను, ఇంత వేగంగా పోతున్నాను. చుట్టుపక్కల బండ్లు అది విని, గుద్దుకునే ప్రమాదం ఉంటే డ్రైవర్‌కు అలారం మోగిస్తాయి. మలుపు అవతల కంటికి కనబడని బండి గురించి కూడా ముందే తెలుస్తుంది. మేడమ్ మా టెస్టింగ్ హెడ్. ఆమె సరే అంటే తప్ప ఏ డబ్బా గడప దాటేది కాదు.

ఆ డబ్బాల మాటతీరు ఆమెకూ అంటుకుందని మేం నవ్వుకునేవాళ్లం. ఫోన్ చేస్తే హలో ఉండదు. "నేను. అబిడ్స్ సిగ్నల్ కాడ ఉన్న. ఆఫీస్ దిక్కే వస్తున్న" అని పెట్టేసేవారు. సుల్తాన్ బజార్‌కు వెళ్తే మాత్రం ఇంత గట్టి మనిషీ మెత్తబడిపోయేవారు. దుకాణదారు ఎంత చెబితే అంత ఇచ్చేసేవారు. ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన నాకు ఒళ్లు మండిపోయేది. "పోనీ బిడ్డా, పొద్దటిసంది నిలబడ్డడు" అనేవారు. ఆమెతో బజారుకు పోవడమంటే నాకు పెద్ద పరీక్ష.

కొత్త డబ్బా చేసిన ప్రతిసారీ మొదటి నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఓపిక మాలో ఎవరికీ లేదు. బాగా పనిచేస్తున్న ఒక మెమరీ కార్డుకు 'తల్లి కార్డు' అని పేరు పెట్టుకుని, దానికే నకళ్లు తీసి అన్ని డబ్బాల్లో వేసేవాళ్లం. కంపెనీ పుట్టినప్పటి నుంచి అదే పద్ధతి, ఎవరికీ అనుమానం రాలేదు.

ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ అయిపోయి నాంపల్లి మైదానం ఖాళీ అయ్యాక, అనుమతి తీసుకుని అక్కడ పరీక్ష పెట్టుకున్నాం. ఒక రేకుల షెడ్డు మూలకు రెండు వైపుల నుంచి రెండు వ్యాన్లు రావాలి. ఒకటి కనబడకముందే రెండోదానిలో అలారం మోగాలి. నేను ఒక వ్యాన్‌లో, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాను. షెడ్డు మూల దగ్గరకొచ్చింది. అలారం మోగలేదు. డ్రైవర్ "అరె!" అని బ్రేక్ మీద నిలబడ్డాడు. రెండు వ్యాన్లూ జానెడు దూరంలో ఆగాయి. నా ల్యాప్‌టాప్ ఎగిరి అద్దానికి తగిలింది.

సంగతేమిటో మేడమే పట్టుకున్నారు. ఏ బండి ఎక్కడికి పోతుందో ఎవరూ వెంటాడి కనిపెట్టకుండా, ప్రతి డబ్బా తన నెట్‌వర్క్ అడ్రస్‌ను అప్పుడప్పుడు మార్చుకుంటుంది. ఏదో ఒక అంకెల వరుసను చీటీ తీసినట్టు తీసుకుంటుంది. అన్నీ ఒకే తల్లి కార్డు పిల్లలు కాబట్టి చీటీలు వచ్చే వరుస కూడా అన్నిటిలో ఒకటే, అందుకే ఒకేసారి ఆన్ చేసిన ఆ రెండూ ఒకే చీటీ తీశాయి. తన అడ్రస్‌తోనే వచ్చిన కబురును ప్రతి డబ్బా 'ఇది నా మాటే, తిరిగి నాకే వినబడుతోంది' అనుకుని పారేసింది. అడ్రస్ మార్చుకున్నా లాభం లేదు. రెండూ కలిసి మళ్లీ ఒకే కొత్త అడ్రస్‌కు పోతున్నాయి, ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకున్నట్టు.

మా ఓనర్ సార్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మరుసటి వారమే ఒక బస్సుల కంపెనీ వాళ్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లు కాదంటే మా ఆఫీసుకు తాళమే.

"కార్డులు వేరువేరుగ చేస్తె అయిపాయె గద మేడమ్. అటెన్క రెండు బండ్లకు ఒకటే అడ్రస్ పడుడంటె కోట్లల్ల ఒక్కసారి అయ్యే ముచ్చట."

"కార్డులు మారుద్దాం సార్. గని గా ఒక్కసారి గుద్దుకున్నోళ్ల ఇంటికి పోయి గీ కోట్ల లెక్క ఎవరు చెప్తరు? మీరు పోతరా, నేను పోవాల్నా?"

"వాళ్లు వచ్చేది వచ్చే వారమేనాయె. ఎట్ల మరి?"

"జర టైం అడుగున్రి. ఇట్లనే పంపుమంటె నేను సరే అనను. కొలువు తీస్తరా, తియ్యున్రి."

ఓనర్ సార్ మొహం గంటుపెట్టుకుని ఫోన్ తీసుకుని వరండాలోకి పోయారు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ మేడమ్ నాకొక్కదానికే ఒక సంగతి చెప్పారు.

"మెదక్‌ల హాస్టల్‌ల ఉన్నప్పుడు నా పేరే ఉన్న పిల్ల ఇంకొకతి ఉండె. ఒకనాడు హాజరు పిలిస్తె నేను పలికిన. రెండోసారి అదే పేరు పిలిస్తె, వార్డెనమ్మ నా దిక్కు చూసి 'ఔ, ఉంది' అని పోయింది. గా పిల్ల స్టోర్ రూముల జొరమొచ్చి పడున్నది. పొద్దుగూకేదాంక ఎవ్వరు ఎతకలే."

"తర్వాత?" అన్నాను.

"దవాఖానకు తీస్కపోయిన్రు, బతికింది. గని ఉన్న మనిషిని లేనట్టు చేసిన్రు చూడు, గది నాకు యాదిలకెల్లి పోదు."

కూర గిన్నె నా వైపు జరిపి, మిగిలింది ఊడ్చేయమన్నారు.

బస్సుల వాళ్లు గొణుక్కుంటూనే గడువు ఇచ్చారు. ఆ రోజుల్లో నేను ఆమె దగ్గర నేర్చుకున్నంత పని ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. అడ్రస్ ఒకటే అయినా కబురు పారేయకూడదు, అది చెప్పే చోటు వేరైతే అది వేరే బండే. అడ్రస్ మార్చుకునే ముందు ఒక్కో డబ్బా ఒక్కో రకంగా కాసేపు ఆగాలి, అప్పుడు రెండూ ఒకేసారి మారవు. ప్రమాదం ముంచుకొస్తున్నప్పుడు అసలు మార్పే వద్దు. "ముంగట కేక ఇను బిడ్డా. పేరు ఎన్క అడగొచ్చు" అని మేం రాసిన ప్రతిదాన్నీ ఆ ఒక్క మాటతో తూచేవారు. నేను ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలకు అదే చెబుతున్నాను, ఆమె గొంతులోనే చెప్పాలని చూస్తాను, రాదు.

మళ్లీ అదే మైదానం, అదే షెడ్డు. ఈసారి కావాలనే రెండు డబ్బాలకూ ఒకే అడ్రస్ పెట్టాం. నేను వ్యాన్ ఎక్కుతుంటే భయంగా ఉందని ఆమెకు తెలిసిపోయింది. "నా మాట మీద నిన్ను కూసోబెడ్తున్న. గటు దిక్కు బండిల నేను కూసుంట. ఫికర్ చెయ్యకు" అని నడుచుకుంటూ షెడ్డు అవతలకు పోయారు.

వ్యాన్ కదిలింది. షెడ్డు మూల ఇంకా దూరంగా ఉండగానే అలారం మోగింది. ల్యాప్‌టాప్ తెర మీద మా బండి, దాని పక్కన ఇంకో బండి, రెండూ కనబడ్డాయి. డ్రైవర్ నెమ్మదిగా ఆపేశాడు. నేను తలుపు తీసుకుని షెడ్డు చుట్టూ పరిగెత్తాను.

అవతలి వ్యాన్ కూడా దూరంగానే ఆగి ఉంది. మేడమ్ ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నారు. లోపల అలారం ఆగకుండా మోగుతోంది.

"మేడమ్, బంద్ చెయ్యాల్నా?" అని డ్రైవర్ స్విచ్ మీద చెయ్యి పెట్టాడు.

"ఉండనియ్ జరసేపు" అన్నారామె కళ్లు తెరవకుండానే. "ఇననియ్."