సిల్వర్ బెల్ మీద ఎక్కినవాడు

సౌకార్‌పేటలో ఒక జౌళి కొట్లో నాగలింగం ముప్పై ఏళ్లుగా బట్ట కొలుస్తున్నాడు. పొద్దున గజంబద్ద పట్టుకుని నిలబడితే దీపాలు పెట్టేదాకా కూర్చునే పని లేదు. యాభై నాలుగేళ్లకే పిక్కల మీద నరాలు ఉబ్బి తాళ్లలా తేలాయి. గిండీలో గుర్రప్పందాలున్న శనివారం మాత్రం మధ్యాహ్నం నుంచి సెలవడిగేవాడు. బీచి స్టేషనులో కరెంటు రైలెక్కి, గిండీ వచ్చేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

పందెం కాయాలన్న ఆశ అతనికి లేదు. ఏ ఏడు ఏ గుర్రం కప్పు కొట్టింది, దాని తల్లి ఏది, ఎక్కిన జాకీ ఎవరు, ఇవే కావాలి. గిండీ స్టేషను పక్కన కాఫీ హోటల్లో ఇద్దరు అతని కోసం కాచుకుని ఉండేవాళ్లు. ఒకరు మైలాపూరు గుమాస్తా రంగనాథం, ఇంకొకరు రిటైరైన రైల్వే గార్డు పెరుమాళ్. వాళ్లు వాదులాడుకోవడం, నాగలింగం తీర్పు చెప్పడం. కొట్లో అతని అభిప్రాయం అడిగినవాడు లేడు. ఈ బల్ల దగ్గర అతని మాటకు తిరుగు లేదు.

పందొమ్మిదివందల యాభై ఆరులో ఒక శనివారం వాదన సిల్వర్ బెల్ అనే ఆడగుర్రం మీదికి పోయింది. నలభై ఎనిమిది జనవరిలో అది మెడంత తేడాతో కప్పు కొట్టింది. ఎక్కింది పళని అని రంగనాథం, కాదు చిన్నసామి అని పెరుమాళ్.

“చిన్నసామే. సందేహమే వద్దు,” అన్నాడు నాగలింగం. రంగనాథం ఒప్పేసుకుని కాఫీ తాగాడు.

పక్క బల్ల దగ్గరున్న ఒక బక్క మనిషి ఇదంతా విన్నాడు. సాయంత్రం పందాలు ముగిశాక ప్లాట్‌ఫారం మీద నాగలింగం కాళ్లు చాపుకుని కూర్చునుంటే, అతనే కుంటుకుంటూ వచ్చి పక్కన కూలబడ్డాడు.

“పళని అంటే నేనేనన్నా. ఆ పొద్దు సిల్వర్ బెల్ మీద ఉండింది నేనే.”

ఆ రోజు పొద్దున్నే చిన్నసామికి జ్వరం తగిలిందట. ఆఖరి గంటలో ఇతన్ని ఎక్కించారు. ముందే అచ్చేసిన పందాల కార్డులో చిన్నసామి పేరుంది. మర్నాడు పేపరూ అదే వేసింది. మరుసటేడు గుర్రం మీద నుంచి పడి పళనికి తుంటి విరిగింది. ఇప్పుడొక లాయంలో గుర్రాలకు గడ్డి వేస్తున్నాడు.

ఆ పందెం రోజు నాగలింగం గిండీలోనే లేడు. పండగ బేరాలని కొట్టు వదల్లేదు. కళ్లారా చూసినట్టు ఇన్నాళ్లూ చెప్పింది పేపర్లో చదివిన ముక్క.

“ఆడనే చెప్పి ఉండొచ్చు గదప్పా?”

“ఎనిమిదేండ్లుగా చెప్పి చెప్పి అలిసిపోయినానన్నా. నలుగురి ముందర మీ మాట కొట్టేసేది దేనికి? మీ ఒక్కరికి తెలిస్తే చాలనిపించింది.”

ఆ వారమంతా బట్ట చించుతూ నాగలింగం అదే ఆలోచించాడు. ఊరుకుంటే అడిగేవాడు లేడు. చెబితే ఇక మీదట ప్రతి తీర్పుకీ సాక్ష్యం అడుగుతారు. ఉన్నది ఆ ఒక్క బల్ల. అయినా శనివారం కూర్చోగానే, సిల్వర్ బెల్ ఎక్కింది పళనేనని, తప్పు తనదేనని చెప్పేశాడు.

అనుకున్నంతా అయింది. అచ్చైనదాన్నే నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మేదని పెరుమాళ్ విసుక్కున్నాడు. గెలిచిన రంగనాథం నవ్వి, మిగతావాటిలో ఎన్ని ఇట్లాంటివో అన్నాడు. నాగలింగం నొప్పి కాళ్లతోనే లేచి, కాఫీకని వచ్చి వాకిట్లో నిలబడి ఉన్న పళనిని చేయి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆ పరుగు ఎట్లా సాగిందో చెప్పమన్నాడు రంగనాథం. కళ్లేలకు వేళ్లు కోసుకుపోయాయి, పక్క గుర్రం రొప్పు చెవిలో పడింది, పడిపోతానేమోనని భయం వేసింది, అంతే గుర్తన్నాడు పళని. ఆ రోజు జాకీతో, జీనుతో కలిపి గుర్రం ఎంత బరువు మోసిందని పెరుమాళ్ పరీక్షగా అడిగాడు. పళని తెల్లబోయి నాగలింగం వైపు తిరిగాడు.

“నాకు తెలీదన్నా. మీకు తెలిసుంటాది.”

నాగలింగం చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. “ఎనిమిది స్టోన్ల నాలుగు పౌండ్లని పేపర్లో చదివినాను,” అన్నాడు మెల్లగా.

“అంతే ఉంటాది,” అన్నాడు పళని. పెరుమాళ్ బెంచీ మీద కొంచెం జరిగి నాగలింగానికి చోటిచ్చాడు.