పడవలు వచ్చే వేళ

పొద్దున్నే చెంగమ్మ ఫోన్ చేసింది. చిన్నప్పుడు బడిలో నా పక్కనే కూర్చునేది.

"మే, మన టీచరమ్మ పొయ్యింది. బడి వరండాలో పండబెట్టుండారు. నువ్వైతే రా. నేను మాత్రం పోను."

విడవలూరు దాటి సముద్రం వైపు వెళితే మా పల్లె. ఒకే గది బడి, ఐదు తరగతులు, అన్నిటికీ టీచరమ్మ ఒక్కతే. బెత్తం పట్టగా నేను చూడలేదు. తలుపుకెదురుగా ఒడ్డు. పడవలు కనిపిస్తే చాలు, చేపలు ఏరడానికి పిల్లలంతా పరుగు. అందుకని మేం తలుపుకు వీపు పెట్టి కూర్చునేలా చాపలు తిప్పి వేయించింది. సముద్రం ఆమె ఒక్కదానికే కనిపించేది. ఎవరి మెడైనా కదిలితే, "పడవ రేపూ వస్తుంది. పాఠం రాదు" అనేది.

"పాఠం పులుసుకు పనికొస్తాదా టీచరమ్మా?" అనేది చెంగమ్మ. అందరికంటే ముందు నవ్వేది టీచరమ్మే.

వెనక ఊరంతా అరుస్తున్నా అక్షరం మీద చూపు నిలపడం నాకక్కడే అబ్బింది. యూనివర్సిటీ దాకా నడిపించింది అదే.

నాలుగో తరగతిలో ఒకరోజు కేకలు వేరుగా వినిపించాయి. ఆమె ముఖం పాలిపోయింది. తలుపు మూసి, చెంగమ్మ పక్కన కూర్చుని, దాని చెయ్యి పట్టుకుంది. "పదమూడో ఎక్కం. గట్టిగా." గొంతులు చించుకుని చదివాం, బయటి మాట లోపలికి రానంతగా.

అలల్లో బోల్తాపడింది చెంగమ్మ నాయన పడవ. ఒడ్డుకు లాగాక కాసేపు ప్రాణం ఉందట. "పాప యాడ?" అని అడిగాడట. మేం తలుపు తెరిచేసరికి పోయాడు.

చెంగమ్మ మళ్లీ బడికి రాలేదు. కర్మకాండ అయ్యాక మేం బడికి వెళ్లేసరికి మా చాపలు సముద్రం వైపు తిరిగి ఉన్నాయి. ఇప్పుడు సముద్రానికి వీపు పెట్టింది టీచరమ్మ. మేం పాఠం వినలేదు, నీళ్లే చూస్తూ కూర్చున్నాం. ఆమె మందలించలేదు.

పిల్ల చూడకూడనిదాన్ని ఆ తలుపు ఆపిందా, చూడవలసినదాన్నా? నాకిప్పటికీ తెలియదు. ఆమెకూ తెలియలేదేమో. ఆమె రిటైరయ్యాక నేను ఎప్పుడు చూడబోయినా నా ఉద్యోగం సంగతి అడిగేది కాదు. "చెంగమ్మ ఎలా ఉంది?" అనేది, అంతే.

నేను వెళ్లేసరికి చెంగమ్మ వరండాలో ఉంది. టీచరమ్మ పక్కనే, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది.

"రానంటివే?"

"కడచూపు గదా మే."

అంతలో పడవలు వచ్చాయి. ఒడ్డున కేకలు లేచాయి. అందరం అటు తిరిగాం.

చెంగమ్మ ఒక్కతే తల తిప్పలేదు.