తాగని కొడుకు

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే కుట్టు దుకాణం. పెద్దవాడు ముప్పై ఏళ్లుగా మిషను ముందు కూర్చుంటున్నాడు. సూదిలోకి దారం మొదటిసారికే ఎక్కిస్తాడు, కొస పంటితో తెంపుతాడు, టీ తప్ప మరొకటి ముట్టడు. ఇదొక గొప్పగా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తమ్ముడు పదిహేనేళ్లు తాగాడు. చేతులు వణికి కాజాలు వంకర పోయేవి, పెళ్లాం పుట్టింటికి పోయింది. తాగుడు మాన్పించే ఆసుపత్రి నుంచి వచ్చి మూడు నెలలైంది. మొన్న వాడు ఒక చొక్కాకి ఆరు కాజాలు తిన్నగా కుట్టాడు. తల్లి ఆ చొక్కా పట్టుకుని వీధంతా తిరిగి చూపించింది. కాలరూ, జేబూ, చేతులూ కుట్టిందెవరని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

రోజూ సాయంత్రం వాళ్లు దుకాణం కట్టేసి వచ్చేసరికి ఆవిడ గడపలో నిలబడి ఉంటుంది. చిన్నవాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, నోటి దగ్గర వాసన చూసి, "నా బంగారుకొండ!" అని బుగ్గ నిమురుతుంది. ఆ పక్కనే పెద్దవాడు చెప్పులు విడుస్తుంటాడు, రోజురోజుకీ ఇంకొంచెం నెమ్మదిగా.

నిన్న తమ్ముణ్ణి బొత్తాలు కొనుక్కురమ్మని పంపి, తనొక్కడే ముందుగా ఇంటికొచ్చాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, గడపలో వంగి తల్లి మొహం దగ్గర నోరు తెరిచాడు.

"ఏంట్రా, పన్ను నొప్పా?"

"కాదమ్మా. నాది కూడా చూడు."

"నీదేం చూస్తాన్రా, పిచ్చి సన్నాసీ! నీ గురించి నేనెప్పుడైనా బెంగపడ్డానా?"

ఆవిడ నవ్వి, అతని భుజం పట్టుకుని పక్కకి జరిపింది. అతను అడ్డంగా ఉంటే వీధి మలుపు కనపడటం లేదు.