శని వలయాలూ, మా ఇంటి తాంబాళమూ

ఒక ఆదివారం పొద్దున గోదావరిఖనిలో నేనొక్కణ్ణే రెండు వాటాల ఇంటిని ఖాళీ చేయించి, ఒక పెళ్లి సంబంధాన్ని దాదాపు ముంచేశాను. నా చేతిలో ఉన్న ఆయుధం తాంబాళంలో నీళ్లు. నవ్వకుండా వినండి.

అప్పుడు నేను బడిలో కొత్త సైన్సు సారును. శనిగ్రహం లోపల ఊగిసలాటకు చుట్టూ ఉన్న వలయాల్లో అలలు లేస్తాయని, వాటిని చూసి లోపలి భాగం ఎంత వేగంగా తిరుగుతుందో లెక్కగట్టారని చదివి, నాకు కొమ్ములొచ్చాయి. మర్నాడు పిల్లలకు చూపించాలని తాంబాళంలో నీళ్లు పోసి బల్ల మీద పెట్టాను. నేను ముట్టుకోకుండానే నీళ్లలో అలలు లేచాయి.

నాకు అనుమానం పుట్టింది. మా ఇళ్ల కింద పాత గని సొరంగాలున్నాయి. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ చేసేది మధ్యాహ్నం. మరి పొద్దున్నే ఈ వణుకేమిటి? పైగా ధడధడమని చప్పుడొకటి.

"సరితా, నేల కుంగుతున్నది," అన్నాను మా ఆవిడతో.

"కుంగుడు గాదు, అది..."

"నువ్వాగు. ఇది సైన్సు."

పై వాటాలో ఉండేది గనిలో రిటైరైన రాజయ్య కాక. ఆయన బిడ్డను చూడ్డానికి మంథని నుంచి మగపెళ్లివారు ఆ పూటే వస్తున్నారు. తాంబాళం పైకి పట్టుకెళ్తే నీళ్లు ఒలుకుతాయని కాకనే కిందికి పిలిచాను.

"కాకా, అందరిని జల్ది బయటికి తీస్కపోన్రి. లోపట ఏదో కదులుతున్నది."

"నీకెట్ల ఎరుక?"

"అలలు చెప్తున్నయ్. శనిగ్రహం లోపటి సంగతి గిట్లనే పట్టిన్రు."

కాక నన్ను అనుమానంగా చూశాడు. తర్వాత నీళ్లను చూశాడు. గనిలో బతికినవాడికి వణుకంటే ఆట కాదు. సరిత తప్ప, ఉప్మా గిన్నెతో సహా ఇంటిల్లిపాదీ రోడ్డెక్కారు.

సరిగ్గా అప్పుడే కారు వచ్చి ఆగింది.

"అందరు రోడ్డు మీదున్నరేంది?" అన్నాడు పిల్లవాడి తండ్రి.

"నేల కుంగుతున్నదట. శని..." కాక నసిగాడు.

"సంబంధం మాట్లాడ వస్తే ఎదురుంగ శని పేరా? పోదాం పా," అన్నాడాయన డ్రైవరుతో.

కాక ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. అంతలో సరిత తడిబట్టల బకెట్టుతో తీరిగ్గా బయటికొచ్చింది.

"లోపటికి రాండ్రి కాకా, మిషిన్ ఆగింది. కొత్త వాషింగ్ మిషిన్ ఊగుతున్నది, కాళ్ల కింద అట్టముక్క పెట్టుమని ఈయనకు వారం సంది చెప్తున్న."

పిల్లవాడి తండ్రి కడుపు పట్టుకుని నవ్వుతూ కారు దిగాడు. సంబంధం కుదిరింది. పెళ్లిలో ఆయన నన్ను అందరికీ "శని సారు" అనే పరిచయం చేశాడు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్లున్నారు. నేను శనిగ్రహం దాకా వెతికాను. అందుకే ఆ మిషన్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: మా ఇంట్లో తిరుగుతున్నదేమిటో మా ఆవిడను అడక్కుండా, ఇక ఏ గ్రహం కడుపులోకీ తొంగిచూడను.