లుంగీలో భూగోళం

ఆ రోజుల్లో ఓడను కంటితో చూడకుండానే ఓడ గురించి పరీక్ష రాయవలసి వచ్చేది. భూమి గుండ్రంగా ఉందని ఎలా చెప్పగలవు అని అడిగితే, సముద్రపు ఒడ్డున నిలబడిన వాడికి దూరాన వచ్చే ఓడ తెరచాప కొయ్య ముందు కనబడి, ఒళ్ళు తర్వాత కనబడుతుంది గనుక అని రాయాలి. మాది కడప జిల్లాలో నేతపని వాళ్ళ ఊరు. ఏడాదిలో పది నెలలు మా ఏట్లో ఇసుకే ఉండేది (నీళ్ళొచ్చిన రోజు చూసి రమ్మని బడికి సెలవిచ్చేవారు). అలాంటి ఊళ్ళో ఓడెక్కడ, దాని కొయ్యెక్కడ! రాత్రి బట్టీపట్టిన జవాబు తెల్లారేసరికి తారుమారై, ఒళ్ళు ముందొచ్చి కొయ్య వెనకబడేది.

ఆ ఓడ పుణ్యమా అని ఎనిమిదో తరగతి భూగోళంలో ఒకసారి తప్పాను. మా నాయన తిట్టలేదు, కొట్టలేదు. ఈసారి కూడా తప్పితే, కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం గుంతలోకి దిగమన్నాడు, అంతే. మా చిన్నాయన బొంబాయి మిల్లుకు వెళ్ళిపోయినప్పటి నుంచి మా రెండో మగ్గం బూజుపట్టి ఉంది. అది ఊరికే ఉంటే మా పొయ్యి మీద కుండ కూడా ఊరికే ఉంటుంది మరి. నాకు మాత్రం ఆ గుంతను చూస్తే గుండె జారేది. అంతకు ముందు ఒకసారి నేను మూరెడు నేస్తే అంచు వంకరటింకరగా వచ్చింది. నాయన దాన్ని పైకెత్తి చూసి, దీన్ని పాము కట్టుకుంటే సరిపోతుందన్నాడు. చదువు మీద నాకున్న ప్రేమలో సగం ఆ పాముగుడ్డ పెట్టిన భయమే.

పరీక్ష పది రోజులుందనగా మా అయివారి కాళ్ళావేళ్ళా పడి గుడ్డ మీద అచ్చేసిన ప్రపంచపటం ఇంటికి తెచ్చుకున్నాను. ముక్కుపొడుం లేనిదే ఆయన నోట పాఠం వచ్చేది కాదు, అందుకని మేము పొడుం అయివారు అనేవాళ్ళం. పటంలో గ్రీన్‌లాండు ఆఫ్రికా అంత ఉందే, పుస్తకంలో దాన్ని ద్వీపమన్నారేమని ఒకసారి అడిగితే, రెండు తుమ్ములు తుమ్మి, పుస్తకంలో ఉన్నది రాసుకోరా అన్నారు. రాసుకున్నాను.

నేను పటం ముందేసుకుని గొణుగుతుంటే నాయన మగ్గం మీదినుంచి తొంగి చూశాడు. ఆయన చూసిన ప్రపంచం ఇటు ఒంటిమిట్ట తిరునాళ్ళ, అటు డోన్ రైలు జంక్షన్. చదువు రాదు గానీ పరిచిన గుడ్డ ఏది కనబడినా దాని అంచులు చూడందే ఆయనకు తోచదు.

"ఈ ఎడం పక్క కొసన ఏముండాదిరా?" అన్నాడు.

"పసిఫిక్ మహాసముద్రం."

"కుడి పక్క కొసన?"

"అదీ పసిఫిక్కే."

"రెండు సముద్రాలకు ఒకటే పేరు పెట్టినారా?"

"రెండు గాదు నాయనా, ఒకటే సముద్రం."

మగ్గం ఆగిపోయింది. పండగరోజు తప్ప పగటిపూట మా ఇంట్లో ఆ చప్పుడు ఆగగా నేను వినలేదు. నాయన మగ్గం దిగి వచ్చి పటం రెండు కొసలూ పట్టి చూసి, "అట్లయితే ఇది పంచె గాదురా, లుంగీ. రెండు కొసలూ కలిపి కుట్టేది మరిచిపోయినారు" అన్నాడు. ఆ మాటతో నా బుర్రలో ఏదో తలుపు తెరుచుకుంది. అమెరికా నుంచి పడమటికే పోతూ ఉంటే జపాను ఎందుకు వస్తుందో ఒక్క క్షణంలో తెలిసిపోయింది. నాయన ఊరుకోలేదు. కడప సాయిబుల కోసం నేసి, రంగు తేడా వచ్చి మిగిలిపోయిన లుంగీ ఒకటి తెచ్చి, దాని మీద బొగ్గుతో ఖండాలన్నీ గీయించాడు. అక్షాంశాలూ రేఖాంశాలూ అంటే ఏమిటని అడిగి, నేను సగం చెప్పేలోపే, పొడుగు పోగులు పడుగూ, అడ్డ పోగులు పేకా అని తేల్చేశాడు (గుడ్డ పాడైపోయిందని అమ్మ రెండు రోజులు మాతో మాట్లాడలేదు).

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నేను ఓడ జోలికి పోలేదు. "భూమి కొసలు కలిపి కుట్టిన లుంగీ వలె నుండును" అని మొదలుపెట్టి, మా ఇంట్లో బొగ్గుతో గీసిన లుంగీ సంగతంతా పేజీన్నర రాశాను. రెండో రోజు పొడుం అయివారు నాయనను లుంగీతో సహా రమ్మన్నారని కబురొచ్చింది.  దారంతా మగ్గం గుంత నా కళ్ళముందు ఆడింది.

అయివారు లుంగీని అటూ ఇటూ తిప్పి, తూర్పూ పడమరా బాగానే కలిశాయి గానీ పైనా కిందా రెండు మూతులూ తెరిచి ఉన్నాయే, అక్కడ భూమికి చిల్లులున్నాయా అని నాయననే అడిగారు. క్లాసంతా నవ్వింది.  నాయన ఆ పై కొసన ఏముందని నన్నడిగాడు. గ్రీన్‌లాండు అన్నాను. ఆయన తన పైగుడ్డను ఉండచుట్టి లుంగీలో కుక్కి, పై మూతినీ కింది మూతినీ దారాలతో బిగించి ముడేశాడు. మూతి దగ్గర ఆఫ్రికా అంత ఉన్న గ్రీన్‌లాండు కుచ్చిళ్ళలోకి ముడుచుకుపోయి గుప్పెడంత అయింది.

"ఈ దేశం చిన్నదే సామీ. మీ పటంలో ముడి విప్పి పరిచినారు, దానికే పెద్దగా కనబడతాండాది" అన్నాడు నాయన.

అయివారి చేతిలో పొడుం చేతిలోనే ఉండిపోయింది. "యాడ చదువుకున్నావప్పా?" అన్నారు.

"చదువుకోలేదు సామీ. నేస్తాండా."

నేను పాసయ్యాను. కానీ ఇంటికి వస్తుంటే కొత్త దిగులు పట్టుకుంది. పాసయిన వాణ్ణి మగ్గంలోకి దిగమనలేడు, దిగకపోతే రెండో మగ్గానికి మనిషి లేడు. ఆ మనిషిని నాయన లుంగీ మాట చెప్పి తన నోటితో తానే పోగొట్టుకున్నాడు. సాయంత్రం మగ్గం దగ్గరికి పిలిచాడు. మనసు మార్చుకున్నాడనుకుని బిక్కుబిక్కుమంటూ వెళ్ళాను.

"గ్రీన్‌లాండులో నేసేవాళ్ళు ఎవురురా? ఏం నేస్తారు?" అన్నాడు.

తెలీదన్నాను.

"చదివి చెప్పు" అని మళ్ళీ పేక విసిరే నాడె అందుకున్నాడు.

తర్వాత నేను భూగోళమే చెప్పుకుని బతికాను. ఏటేటా పిల్లలకు ఓడ జవాబే రాయించాను, పుస్తకంలో అదే ఉంది గనుక. గ్రీన్‌లాండులో పూర్వం నేత లేదనీ, జంతువుల తోళ్ళే కట్టుకునేవారనీ నాకు తెలిసేనాటికి చెప్పడానికి నాయన లేడు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో. మగ్గం లేని దేశమంటే ఆయన శానా బాధపడి ఉండేవాడు, పైగా రెండో మగ్గం ఒకటి మన ఇంట్లో ఖాళీగానే ఉంది కదా, దాన్ని అక్కడికి పంపుదామని కూడా అనేవాడు.